మంచుదేశమున భూగర్భజలపు జమాఖర్చు

కెనడా దేశమున అంటారియో రాష్ట్రమందలి వాటర్లూ ప్రాంతపు పట్టణములకు త్రాగునీరు అధికభాగము బావులనుండియే లభించును. ఏటేటా భూమిలో ఎంత నీరు ఇంకునో తెలియనిదే ఎంత తోడవచ్చునో నిర్ణయింపజాలరు.

ఇంకెడు నీటిని నేరుగా కొలుచుట కష్టము గనుక దినదినమునకు జమాఖర్చు వ్రాయుదురు. వాన జమ, పారిపోయినది, ఆవిరియైనది, మొక్కలు పీల్చినది ఖర్చు, మిగిలినది భూగర్భమునకు చేరును. మంచు మాత్రము కురిసిననాడు గాక, కరగిననాడే జమ యగును. నేల గడ్డకట్టియున్నచో ఆ నీరు ఇంకక ఏరుల పాలగును. మంచి సంవత్సరములు, కరవు సంవత్సరములు రెండును కలియవలెను గనుక దశాబ్దముల లెక్క అవసరము.

ఆ ప్రాంతమున ప్రవహించు గ్రాండ్ నది పరీవాహకమునకు ఇట్లు 40 సంవత్సరముల లెక్క కట్టిన పరిశోధన 2007లో వెలువడినది. శీతకాలము వెచ్చబడినచో నేల తక్కువగా గడ్డకట్టి, ఇంకెడు నీరు పెరుగునని అందు అంచనా వేసిరి. జమ నెరిగి తోడుట ఏ గ్రామమునకైనను క్షేమము.