గనికి మేనేజరమ్మ

"అన్నయ్యా, దీనికి మతి పోయింది! కంప్యూటరు సీటు వదులుకుని బొగ్గు గనుల చదువు చదువుతుందట. నువ్వయినా బుద్ధి చెప్పు" అంటూ మా చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

నేను ముప్ఫయి ఏళ్ళు సింగరేణిలో పనిచేసి ఓవర్‌మన్‌గా రిటైరయినవాణ్ణి. రెండో తరగతి మేనేజరు పరీక్షకు రెండుసార్లు కూర్చుని, రెండుసార్లూ తప్పినవాణ్ణి కూడాను. అందుకే నేను తన పక్షం మాట్లాడతానని చెల్లెలి ధీమా.

మేనకోడలు ఒకటే అడిగింది: "మామయ్యా, ఉద్యోగం దొరుకుతుందా, దొరకదా?"

ఉన్న సంగతి చెప్పాను. మిగతా చోట్ల మేనేజరు కుర్చీ యజమాని దయ. గనిలో అలా కాదు. ధన్‌బాద్‌లోని గనుల భద్రతా శాఖ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్టు ఉండాలి. డిగ్రీ ఒక్కటే చాలదు. గనిలో దిగి అనుభవం గడించాలి. పైకప్పు కూలినా, లోపల గాలి ఆడకపోయినా ముందు జవాబు చెప్పవలసింది మేనేజరే. జీతం ఆ బరువుకే.

ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. ఈనాడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టు గనులదే. అక్కడ యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. కాబట్టి పాత రోజుల్లోలాగా ఇంటికొక ఉద్యోగమని ఆశపడరాదు. అయితే జైపూరులో సింగరేణికి 1,200 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఉంది, సౌరవిద్యుత్తూ పెట్టారు. బొగ్గు కాకపోతే మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లి యురేనియం, సిమెంటు కంపెనీల సున్నపురాయి గనులు ఉన్నాయి. కాని వాటికి సర్టిఫికెట్టు వేరు. ఏ దారో ముందే తేల్చుకోవాలి.

"ఆడపిల్ల గనిలోకి దిగడమేమిటి?" అంది చెల్లెలు.

"2019 దాకా భూగర్భంలో ఆడవాళ్ళకు ఉద్యోగం నిషేధమే. ఆ ఏడు కేంద్రప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజరు పనులకు తలుపు తీసింది" అన్నాను.

"మరి పెళ్ళి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి, "చెల్లీ, నేను తప్పింది పరీక్ష కష్టమై కాదు. రెండు షిఫ్టులు చేసి వచ్చి, చదవడం రేపు చూద్దామని పడుకున్నాను. అలా నా రేపులన్నీ అయిపోయాయి. దీని రేపు మాత్రం మనం ఆపవద్దు" అన్నాను. ఆ మాట ఇంతకాలం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెల్లెలు మరి మాట్లాడలేదు. నేను అటకెక్కి, భద్రంగా దాచుకున్న గనుల నిబంధనల పుస్తకం దింపి, దుమ్ము దులిపి పిల్ల చేతిలో పెట్టాను.

అది రెండు పేజీలు తిరగేసి, "మామయ్యా, ఈ నిబంధనలు 2017లోనే మారిపోయాయి కదా!" అంది.

అప్పుడే నాకు నమ్మకం కుదిరింది, ఈ పిల్ల పరీక్ష తప్పదని.