ఎండతో నడచు బండ్ల పందెము



నా చిన్ననాట మా యూరి చెరువు క్రింద నీరుగంటి తూము తెఱచుట పలుమారులు చూచితిని. చెరువు నిండుగా నున్నదని అతడు తూము బార్లా తెఱచెడివాడు కాడు. పైరు పండువఱకు నీరు చాలునా యనునదే యతని లెక్క. నేడు నేను చెప్పబోవు మోటారు పందెములో గెలుపును అట్టి లెక్కమీదనే ఆధారపడి యున్నది.

ఈ పందెము ఆస్ట్రేలియా దేశమున జరుగును. ఉత్తర సముద్రతీరమందలి డార్విన్ నగరమున బయలుదేరి, నడుమనున్న యెడారి దాటి, దక్షిణమున అడిలైడ్ చేరవలెను. దూరము రమారమి 3,000 కిలోమీటర్లు. పెట్రోలు చుక్కయైనను వాడరాదు. బండిపై పఱచిన పలకలు ఎండను విద్యుత్తుగా మార్చును; అది మోటారును త్రిప్పును; మిగిలినది బ్యాటరీలో నిలువయగును. ఎండయే వాన, బ్యాటరీయే చెరువు అనుకొనుడు.

హాన్స్ థోల్‌స్ట్రప్ అను సాహసి, లారీ పెర్కిన్స్ అను పందెగానితో కలిసి, 1982 డిసెంబరులో ఇట్టి బండిని పెర్త్ నుండి నడిపి 20 దినములలో సిడ్నీ చేర్చెను. పిమ్మట 1987లో ఈ పందెమును నెలకొల్పెను. మొదటియేట గెలిచిన బండి సగటు వేగము గంటకు 67 కిలోమీటర్లు. 2005లో హాలండు విద్యార్థుల బండి 103 కిలోమీటర్ల సగటు నందుకొనెను. పిమ్మట పలకల వైశాల్యమును తగ్గించిరి. 2017 నాటికి సిలికాన్ పలకలకు 4 చదరపు మీటర్లే హద్దు. నడిమధ్యాహ్నమున వానినుండి వచ్చు శక్తి ఇంచుమించు 1 కిలోవాట్; ఇస్త్రీపెట్టె తీసికొనునంత మాత్రమే!

ఇక లెక్క వినుడు. వేగము రెట్టింపైనచో గాలిని చీల్చుటకు గంటకు వెచ్చించు శక్తి ఎనిమిది రెట్లగును. కావున ఒకప్పుడు పరుగెత్తి, ఒకప్పుడు నెమ్మదించు వానికంటె ఒకే నడకన పోవువానికి ఖర్చు తక్కువ. ముందు మబ్బున్నచో నిలువనుండి ఎంత తీయవచ్చునో వెంటవచ్చు బండిలోనివారు లెక్కించుచుందురు. సాయంకాలము 5 గంటలకు ప్రయాణము చాలించి, దారిలోనే విడిది చేయవలెను. అప్పుడును విద్యార్థులు పలకలను పడమటికి వాల్చి, కళ్ళములో రాలుగింజ లేరినట్లు, క్రుంకు సూర్యుని వెలుగును కూడబెట్టుదురు.

లెక్కతోపాటు కాపుదలయు వలయును. 2019లో కడపటి దినమున అందఱికంటె ముందున్న హాలండు బండికి నిప్పంటుకొనెను. నడపువాడు క్షేమముగా బయటపడెను గాని పందెము చేజారెను. బెల్జియము విద్యార్థులు గెలిచిరి. గట్టు తెగిన చెరువునకు ఏ నీరుగంటి లెక్కయు అక్కఱకు రాదు గదా!

నేడు మన పొలములలోను ఎండతో నీరుతోడు పంపులు వచ్చినవి. ఎండకు వెలలేదు. దానిని నిలువచేయుటకును, కాపాడుటకును మాత్రము వెల గలదు. ఆ నీరుగంటి యీ పందెము చూచియుండినచో, ముందుగా బండి వేగమడుగడు. నిలువ యెంత మిగిలినదని యడుగును.