గట్టుమీది పూలు – వరిచేనికి కావలి

వరిచేనిలో పురుగు కనబడినంతనే మందు చల్లుట మన పల్లెలలో వాడుకయైనది. అయినను, మందు చల్లిన కొన్నాళ్లకే సుడిదోమ మరింత పెచ్చు పెరుగుటను పెక్కుమంది రైతులు చూచియే యుందురు. దీని కారణమును తెలిసికొన్నచో, స్వల్ప వ్యయముతో సాధింపదగిన ఒక ఉపాయము మనకు గోచరించును.

సుడిదోమ తన గ్రుడ్లను వరి ఆకు తొడుగు లోపల దాచి పెట్టును. పైన చల్లిన మందు వానిని చేరుట కష్టము. కాని పైరుపై తిరుగాడు సాలీళ్లు, మిరిడ్ నల్లులు, అతి సూక్ష్మమైన కందిరీగలు ఆ మందునకు ముందుగా బలియగును. గ్రుడ్లు పగిలి పిల్లదోమలు వెలువడునప్పటికి వానిని పట్టి తినువారు చేనిలో మిగులరు. దొంగను విడిచి కావలివానిని కొట్టినట్లగును.

ఈ కందిరీగలు కంటికి ఆనవు. ఇవి దోమ గ్రుడ్డులోనే తమ గ్రుడ్డును పెట్టును. అందుండి పుట్టిన పిల్ల దానిని లోపలినుండి తినివేయును. ఎదిగిన కందిరీగకు మాత్రము పూదేనెయే ఆహారము. వరిపూవులో తేనె లేదు. చేరువలో తేనె దొరకినచో కందిరీగ ఎక్కువ దినములు బ్రతికి, ఎక్కువ గ్రుడ్లను నాశనము చేయును. గట్టుపై పూలమొక్కలను పెంచుటలోని మర్మమిదియే.

ఇది కేవలము ఊహ కాదు. థాయిలాండు, చైనా, వియత్నాం దేశములలో వరిపొలముల గట్లపై తేనెగల పూలమొక్కలను పెంచి, 4 సంవత్సరములు పరిశీలించిరి. 2016లో ప్రకటింపబడిన ఆ ఫలితముల ప్రకారము పురుగుమందుల వాడకము 70 శాతము తగ్గినది. దిగుబడి 5 శాతము పెరిగినది.

ఏ మొక్కలు వేయవలెను?

నువ్వు ఇందుకు మిక్కిలి అనువైనది. నారుమడి పోసిన దినములలోనే గట్టుపై విత్తినచో, నాట్లు పూర్తియైన కొలది దినములకు పూతకు వచ్చును. నువ్వు నీటి నిలువకు ఓర్వదు గనుక గట్టు నడినెత్తిన విత్తవలెను. బంతి, అలసంద కూడ మేలు. అలసందకు పట్టు పేనుబంక వరికి హాని చేయదు. అది అక్షింతల పురుగులకు ఆహారమై వానిని చేని చెంతనే నిలుపును.

పంచాయతీ చేయదగిన పని

ఒక్క రైతు పూలు పెంచి, చుట్టుప్రక్కలవారు మందు చల్లినచో ఫలితము స్వల్పము. అందుచే ఒక చెరువు లేదా ఒక కాలువ క్రింది ఆయకట్టు రైతులందరును ఒక్కమాటపై నిలువవలెను. నారుమళ్లకు ముందే గ్రామసభలో ఈ విషయమును చర్చించి, విత్తనములు సమకూర్చుకొనవలెను. గట్లపై కలుపుమందు చల్లుట మానవలెను. నాటిన తొలి దినములలో ఆకుముడత వలన కలుగు కొద్దిపాటి నష్టమునుండి పైరు తానే కోలుకొనును. అప్పుడు తొందరపడి మందు చల్లరాదు.

పూలే సర్వస్వమని మేము చెప్పుట లేదు. యూరియాను మితముగా వేయుట, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడుచుట, దోమను తట్టుకొను రకములను ఎన్నుకొనుట కూడ అవసరమే. పురుగు హద్దు మీరినచో వ్యవసాయాధికారి సలహాపై తగిన మందునే వాడవలెను.

వ్యర్థముగా పడియున్న గట్టు ఈ విధముగా పైరునకు కావలియై, రైతునకు గుప్పెడు నువ్వులను కూడ ఈయగలదు. వచ్చు పంటకాలమున కనీసము ఒక్క ఆయకట్టులోనైనను దీనిని ఆచరించి చూడవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.