చీర రంగు, తెర రంగు

పట్టుచీరల దుకాణమునకు పోయినవారు నేతగానిని తలతురు, మడతలు విప్పి చూపు సేల్స్‌మన్‌ను తలతురు, ఒకానొకప్పుడు గల్లాపెట్టె కడ కూర్చున్న యజమానినిగూడ తలతురు. కాని తమ్మచటికి రప్పించిన కరపత్రమును, కూడలిలోని హోర్డింగును, చేతిలోని సంచిని, చీరకు వ్రేలాడు ధర చీటీని రూపొందించిన వ్యక్తి మేడపైని చిన్నగదిలో, కంప్యూటరు ముందు కూర్చున్నదని యెవ్వరును తలపరు. ఆమె గ్రాఫిక్ డిజైనరు. బయటి ఏజెన్సీలోని డిజైనరు నేడు సిమెంటునకు, రేపు సబ్బునకు ప్రకటనలు కూర్చును. దుకాణములోనే జీతమునకు కుదిరినవారు మాత్రము ఏడాది పొడవునను చీరలతోనే కాపురము చేయవలెను.

హైదరాబాదులో నే నెఱిగిన యొక యువతి యీ యుద్యోగమున చేరిన క్రొత్తలో గద్వాల చీరలకు కరపత్రము తయారు చేసెను. కట్టుకొన్న మోడలు ముఖము పుటనిండ వెలిగిపోవుచుండెను. అచ్చునకు పంపబోవుచుండగా కౌంటరులో తల నెరసిన సేల్స్‌మన్ మేడయెక్కి వచ్చి, తెరవంక చూచి, "బొమ్మ బాగానే ఉందమ్మా, గద్వాలేదీ? అంచు కోసేశారే!" అనెను. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఆ రెంటి పేకపోగులను మగ్గముపైననే మెలివేసి కలుపు చోటే ఆ నేతకు ప్రాణము. అదియే పుట అంచున తెగిపోయినది! ఆమె బొమ్మను మార్చి, ఆ కలయికను అరచేయంత పెద్దదిగా చూపెను. నాటినుండి ఏ చీరకైనను ఫొటో తీయించుటకు ముందు కౌంటరుకు దిగి, "బాబాయి గారూ, దీనిలో చూడవలసిందేమిటి?" అని యడుగుట ఆమెకు వాడుకయైనది.

పోచంపల్లి చీర మరియొక పాఠము చెప్పినది. అక్కడ పోగులను నేయుటకు ముందే కట్లు కట్టి రంగులలో ముంచుదురు గనుక, నేతలో తేలిన పువ్వుల అంచులు కొంచెము చెదరి, మసకగా నుండును. ఫొటోషాప్‌లో ఆ మసకను తోమి పదును పెట్టినచో బొమ్మ చక్కగానే కనబడును. కాని చేనేత చీర యంత్రముపై అచ్చువేసిన నకలువలె నగును. తన పనితనమును ఎచ్చట ఆపవలెనో తెలిసికొనుటయే యీ వృత్తిలో కష్టతరమైన విద్యయని నా తలంపు.

ఇక రంగుల సంగతి. తెర ఎఱుపు, ఆకుపచ్చ, నీలి కాంతులను కలిపి రంగులను చూపును; అచ్చుయంత్రమో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలతో గడుపుకొనవలెను. తెరపై మెఱసిన చిలకపచ్చయు ముదురు నీలియు కాగితముపై వాడిపోవుట అందుచేతనే. నెమలికంఠపు రంగు చీర మఱింత మాయలాడి: పడుగొక రంగు, పేక మఱొక రంగు, మడత కదలినకొలది నీలము పచ్చయగును, పచ్చ నీలమగును. కెమెరాకు ఒక్క క్షణమే దొరకును. అందుచే మడతలు వేసి రెండు రంగులును కనబడునట్లు ఫొటో తీయింతురు.

తెలుగక్షరముల బాధ వేఱొకటి. మన ప్రెస్సులలో చిరకాలము నడచిన "అను" అన్న పేరుగల ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెఱచినచో "పట్టు" అన్న మాట అర్థములేని గుర్తుల కుప్పగా మాఱును. అందువలన ప్రెస్సునకు పంపునపుడు అక్షరములను గీతలుగా మార్చి పంపుట వాడుక; ఆపై తప్పు దిద్దవలెనన్న మరల మొదటికి రావలెను.

ఆషాఢపు సేల్ ప్రకటనలు జ్యేష్ఠములోనే సిద్ధమగును, శ్రావణమునకు వరలక్ష్మీ వ్రతపు హడావుడి వేఱు. "50 శాతము వరకు తగ్గింపు" అన్నచోట అంకె ఏనుగంతయు, "వరకు" చీమంతయు నుండవలెనని యజమానులు కోరుదురు. ఈ యువతి ఆ చీమను పిల్లిపాటి చేయుటకు ప్రతి యేడును వాదించును. ఒక్కొక్క యేడు నెగ్గును. కేంద్ర పట్టు మండలి 2004లో ఆరంభించిన సిల్క్ మార్క్ విషయములో మాత్రము ఆమె వాదమునకే దిగదు: అది అసలైన పట్టునకు గుర్తు, కృత్రిమపు పోగు కలసిన చీర ప్రక్కన దానిని వేయనని కచ్చితముగా చెప్పును.

ఒక్కమాట పాఠకులకు. దుకాణపు దీపాల క్రింద కనబడిన రంగే పగటి వెలుతురులో కనబడునని నమ్మరాదు. బిల్లు వేయించుటకు ముందు చీరను వాకిటికి తీసికొనిపోయి యెండవెలుగులో చూడుడు. ఆ డిజైనరు కూడ ప్రెస్సునుండి వచ్చిన నమూనా కాగితమును, చీరను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనునది ఆ వాకిటిలోనే.