లడఖ్ చలిలో టమాటా: లోపాలు, నివారణలు

సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో శీతాకాలపు రాత్రుల ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో దిగువకు పోతుంది. కనుమలు మంచుతో మూసుకొనిపోయిన రోజులలో అక్కడ తాజా కూరగాయలు అపురూపం. ఈ కొరతను తీర్చుకొనుటకు అక్కడి రైతులు హరితగృహాలను ఆశ్రయించారు. మూడువైపుల మట్టి ఇటుకల గోడలు, దక్షిణాన పాలిథీన్ కప్పు ఉంటాయి. పగలు గోడలు దాచుకొన్న ఎండవేడిమి రాత్రివేళ మొక్కలను కాపాడుతుంది. నడి చలికాలంలో వీటిలో పాలకూర వంటి ఆకుకూరలు పెరుగుతాయి. టమాటాకు మరింత వెచ్చదనం కావలెను. కావున నారు ముందుగా పెంచుటకు, కాపుకాలాన్ని పొడిగించుటకు ఈ గృహాలు ఉపకరిస్తాయి.

అయితే కప్పు క్రింది మొక్కకు గాలి, వాన, తేనెటీగ సహజంగా అందవు. అవి చేసే పనిని మనిషే చేయవలసి ఉంటుంది. ఏ లోపం ఎక్కడ ఉన్నదో మొక్కే తెలియజేస్తుంది.

కాండం సన్నగా సాగి వాలిపోతే వెలుతురు చాలలేదని గ్రహించాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ అవసరం. పాలిథీన్‌పై పేరుకొన్న దుమ్మును తుడవాలి. సాగిన నారును కొంచెం లోతుగా నాటితే, పూడిన కాండం నుండి కొత్త వేళ్ళు పుడతాయి.

ఆకుల అడుగుభాగం ఊదారంగుకు తిరిగితే భాస్వరం అందడం లేదన్నమాట. అంతమాత్రాన తొందరపడి ఎరువు వేయరాదు. నేల చల్లగా ఉంటే, భాస్వరం ఉన్నప్పటికీ వేళ్ళు దానిని సరిగా గ్రహించలేవు. ముందు నేలను వెచ్చబరచాలి. క్రింది ఆకులు పసుపుబారితే మట్టిలో వేలు గుచ్చి చూడాలి. తడి ఎక్కువగా ఉంటే నీరు తగ్గించాలి. లేనిచో నత్రజని లోపమై ఉండవచ్చు.

అన్నిటికంటె నిరాశ కలిగించేది పూత రాలడం. రాత్రి 13 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గినా, పగలు 35 డిగ్రీలు మించినా పుప్పొడి సరిగా పనిచేయదు. మూసిన గృహం ఎండపొద్దున త్వరగా వేడెక్కుతుంది. కావున పగలు గాలిద్వారాలు తెరచి, సాయంత్రం మూయాలి. టమాటా పువ్వులో స్త్రీ, పురుష భాగాలు రెండూ ఉంటాయి. ఆరుబయట గాలి, తేనెటీగలు పువ్వును కదలించి పుప్పొడిని రాలుస్తాయి. లోపల ఆ పనికి పూగుత్తిని వ్రేలితో మెల్లగా తట్టితే చాలును.

కాయ అడుగున నల్లని మచ్చ పడితే అది పురుగు చేసిన పని కాదు. కాయకు కాల్షియం చేరకపోవడమే కారణం. ఒకనాడు ఎండగట్టి, మరునాడు ముంచెత్తడం వలన ఇది తరచుగా వస్తుంది. నీటిని సమంగా ఇవ్వడమే మందు.

హైదరాబాదులో కిటికీ ప్రక్కన కుండీలో పెరిగే మొక్కకూ ఈ సూత్రాలే వర్తిస్తాయి. అక్కడ చలి శత్రువైతే, ఇక్కడ వేసవి వేడి శత్రువు. మందుసీసా అందుకొనే ముందు వెలుతురు, వేడిమి, నీరు, గాలి అనే నాలుగింటిని పరిశీలించడం ఉభయులకూ శ్రేయస్కరం.