డబ్బు కడితే మూడు రోజుల్లో పేపర్ అచ్చేస్తారట! పీహెచ్‌డీ పిల్లలున్న ఇళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

పిల్లలు పీజీ దాటి పీహెచ్‌డీలో చేరితే ఇంట్లో ఓ కొత్త మాట వినబడుతుంది: ‘జర్నల్‌లో పేపర్ రావాలి’. ఆ వెనకే మెయిళ్లు మొదలవుతాయి. ‘మీ పరిశోధన గొప్పది, ఫీజు కట్టండి, మూడు రోజుల్లో అచ్చేస్తాం’ అని. ఎంతో కొంత కట్టేస్తే పనైపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. కానీ పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి చేసిన పని కూడా.

అసలు జర్నల్ పని ఏమిటి? పేపర్ రాగానే ఎడిటర్ దాన్ని ఆ సబ్జెక్టు తెలిసిన వేరే నిపుణులకు పంపుతారు. వాళ్లు చదివి తప్పులు చెబుతారు, ప్రశ్నలు అడుగుతారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. దీనికి సాధారణంగా నెలలు పడుతుంది. మూడు రోజుల్లో అయిపోయిందంటే ఎవరూ సరిగ్గా చదవలేదనే అర్థం. ఫీజు తీసుకోవడం మాత్రం తప్పు కాదు. మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు కూడా తీసుకుంటాయి, కాకపోతే ఎంతో ముందే చెబుతాయి.

హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ కేసు దీనికి పెద్ద ఉదాహరణ. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో ఈ సంస్థపై కోర్టుకెళ్లింది. పీర్ రివ్యూ చేస్తామని చెప్పి సరిగా చేయట్లేదని, ఫీజు సంగతి పేపర్ ఒప్పుకున్నాక గానీ చెప్పట్లేదని, ఒప్పుకోని నిపుణుల పేర్లు కూడా ఎడిటర్లుగా వేసుకుందని ఆరోపించింది. 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పునిచ్చింది. అప్పటి లెక్కలో అది దాదాపు 350 కోట్ల రూపాయలు.

ఆ కేసులో ఇంకో మాట కూడా ఉంది. పేపర్ వెనక్కి ఇచ్చేయండి అన్నా సంస్థ ఇవ్వలేదని ఆరోపణ. ఇది ఎందుకు పెద్ద నష్టమంటే, ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నళ్లకు పంపడం తప్పు. అంటే అక్కడ ఇరుక్కున్న పేపర్‌ను ఇంకో మంచి జర్నల్‌కి పంపే దారి కూడా మూసుకుపోతుంది.

తప్పులు రాసేవాళ్ల వైపు నుంచీ జరుగుతాయి. లేని లెక్కలు పుట్టించడం, ఉన్న లెక్కలు మార్చడం, వేరేవాళ్లది కాపీ కొట్టడం, పని చేయనివాళ్ల పేరు పేపర్ మీద పెట్టడం, డబ్బిచ్చి మొత్తం పేపరే రాయించుకోవడం, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఫిర్యాదు వస్తే ఏం చేయాలో జర్నళ్లకు దారి చూపే సంస్థ ఒకటుంది. పేరు కోప్, 1997లో బ్రిటన్‌లో మొదలైంది. ఎడిటర్ ముందు రాసినవాళ్లను వివరణ అడగాలి, అవసరమైతే అసలు డేటా చూపించమనాలి. జవాబు సరిపోకపోతే వాళ్ల యూనివర్సిటీకి రాయాలి. చిన్న తప్పయితే సవరణ వేస్తారు. విచారణ తేలకపోతే పాఠకులకు హెచ్చరిక పెడతారు. పేపర్ నమ్మదగింది కాదని తేలితే రద్దు చేస్తారు. దాన్నే రిట్రాక్షన్ అంటారు. నిజాయితీగా చేసిన పొరపాటుకు కూడా రిట్రాక్షన్ ఉంటుంది, కాబట్టి ఆ మాట వినగానే మోసం అనుకోకూడదు.

ఈ పని ఆలస్యమైతే ఏమవుతుందో లాన్సెట్ కేసు చెబుతుంది. ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి సంబంధం ఉండొచ్చని సూచించిన పేపర్ 1998లో అందులో వచ్చింది. చూసింది 12 మంది పిల్లల్ని మాత్రమే. పూర్తిగా రద్దు చేసింది 2010లో. ఆ 12 ఏళ్లలో బ్రిటన్‌లో ఎంతోమంది తల్లిదండ్రులు భయపడి టీకా మానేశారు, తట్టు మళ్లీ వచ్చింది. ఆ భయం వేరే దేశాలకూ పాకింది.

మన దగ్గర యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో 10 శాతం దాటి కాపీ ఉంటే శిక్ష మొదలవుతుంది. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. 2022 నిబంధనల్లో, థీసిస్ ఇచ్చే ముందు పేపర్ అచ్చవ్వాలనే షరతును యూజీసీ తీసేసింది. అయినా కొన్ని యూనివర్సిటీలు అడగొచ్చు. తొందరపడి ఫీజు కట్టే ముందు మీ యూనివర్సిటీ రూలు ఏమిటో కనుక్కోండి. మంచి జర్నళ్ల జాబితాగా ఉన్న యూజీసీ కేర్ లిస్టును 2025లో ఆపేశారు. కాబట్టి ఇప్పుడు చూసుకోవాల్సింది మనమే.

పంపే ముందు ఇవి చూడండి: ఫీజు ఎంతో సైటులో స్పష్టంగా ఉందా? ఎడిటర్ల పేర్లు వాళ్ల సొంత యూనివర్సిటీ పేజీలో కూడా కనిపిస్తున్నాయా? స్కోపస్‌లో ఉందని జర్నల్ చెబితే, స్కోపస్ సైటులోకే వెళ్లి వెతికారా? పాత సంచికల్లో రెండు పేపర్లయినా గైడ్‌కి చూపించారా?

ఇప్పటికే పంపేసి అనుమానం వస్తే కాపీరైట్ ఫారం మీద సంతకం చేయకండి, ఇంకా డబ్బు కట్టకండి. పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని మెయిల్‌లో రాతపూర్వకంగా అడిగి, ఆ మెయిల్ దాచుకోండి. వాళ్లు ఒప్పుకున్నట్టు రాసే వరకు వేరే చోటికి పంపొద్దు. గైడ్‌కి మాత్రం ఆ రోజే చెప్పేయండి.