జాబు పంపడం మన చేత... జవాబు వారి చేత

మూలకుళం (పుదుచ్చేరి): 'మనం పంపే ఈ-మెయిల్‌కు ఎవరూ అందరికీ కలిపి జవాబివ్వకూడదు. సాయంత్రంలోగా అందరూ తెరిచి చూడాలి. సెలవులో ఉన్నామంటూ వచ్చే యాంత్రిక జవాబులు మనకు రాకూడదు. ఆ ఏర్పాటు చేయండి.' కార్యాలయాలలో కంప్యూటరు పనులు చూసే ఉద్యోగులకు పై అధికారుల నుంచి ఇటువంటి ఆదేశాలు కొత్త కాదు. మెయిల్ అందుకునేవారు సంస్థలోని వారే అయితే ఇందులో కొంత సాధ్యమే. వారు బయటివారైతే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేని కోరిక ఇది. తీర్చలేనప్పుడు మాట పడేది ఆ ఉద్యోగే.

పుదుచ్చేరి నుంచి విల్లియనూరు వైపు వెళ్లే దారిలో ఉన్న మూలకుళంలోని ఒక చిన్న కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడి నుంచి ఒకే మెయిల్ తమిళనాడులోని కర్మాగారానికి, 800 కిలోమీటర్లకు పైగా దూరాన తెలుగునాట ఉన్న యానాంలోని వ్యాపారికి, ఫ్రాన్సులోని కొనుగోలుదారుకు వెళ్లిందనుకుందాం. యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే. అయినా అక్కడి వ్యాపారి కంప్యూటరుపై మూలకుళం కార్యాలయానికి గల అధికారం, ఫ్రాన్సులోని వారిపై ఉన్నంతే. అంటే శూన్యం.

చట్టం చెప్పేదీ అదే

మన దేశంలోని సమాచార సాంకేతిక చట్టం, 2000 ఈ సంగతిని స్పష్టంగానే చెప్పింది. వేరే ఒప్పందం లేనప్పుడు, పంపినవారి అదుపులో లేని కంప్యూటరు వ్యవస్థలోకి ప్రవేశించినప్పుడే ఒక ఎలక్ట్రానిక్ పత్రం పంపినట్లు లెక్క అని 13వ సెక్షను పేర్కొంటున్నది. అంటే 'పంపడం' అన్న మాటకు చట్టమిచ్చిన అర్థంలోనే అదుపు తప్పడం ఇమిడి ఉందన్నమాట.

అందినట్లు రసీదు ఇచ్చే విషయం 12వ సెక్షనులో ఉంది. రసీదు వస్తేనే ఆ పత్రానికి కట్టుబడి ఉంటామని పంపినవారు ముందే షరతు పెట్టవచ్చు. అప్పుడు రసీదు రాకపోతే అసలు పంపనట్లే భావిస్తారు. అటువంటి షరతు లేకపోతే, సముచితమైన గడువు విధిస్తూ నోటీసు ఇచ్చి, అప్పటికీ రసీదు రాకపోతే పంపనట్లే పరిగణించవచ్చు. ఈ రెండింటిలోనూ పంపినవారు నిర్ణయించేది తమ వైఖరినే గాని ఎదుటివారి చేతను కాదన్నది గమనార్హం.

సాంకేతిక పరిమితులు

ఈ-మెయిల్ రవాణాకు నేటికీ పునాదిగా ఉన్న ఎస్ఎంటీపీ నియమావళి 1982లో వెలువడింది. ఉత్తరాన్ని అవతలి సర్వరుకు అప్పగించడంతో దాని పని ముగుస్తుంది. తరువాత దానిని తెరవడం, చెరపడం, ఇతరులకు పంపడం అందుకున్నవారి ఇష్టం. జవాబు ఫలానా చిరునామాకు రావాలని సూచించే 'రిప్లై-టు' కూడా విన్నపమే గాని ఆజ్ఞ కాదు.

చదివినట్లు తెలిపే 'రీడ్ రసీదు'ను అందుకున్నవారు నిరాకరించవచ్చు. మెయిల్‌లో కనిపించని బొమ్మను పెట్టి ఎవరు తెరిచారో లెక్కించే పద్ధతి కూడా, 2021లో ఆపిల్ సంస్థ తన మెయిల్‌లో తెచ్చిన గోప్యతా రక్షణతో నమ్మదగనిదైంది. అవుట్‌లుక్‌లో పంపిన మెయిల్‌ను వెనక్కి రప్పించే 'రీకాల్' ఒకే సంస్థ పరిధిలోనే పనిచేస్తుంది. జీమెయిల్‌లోని 'అన్‌డూ' వాస్తవానికి మెయిల్‌ను గరిష్ఠంగా 30 సెకన్లు ఆపి ఉంచే ఏర్పాటు మాత్రమే.

సంస్థ లోపల సైతం అదుపు తప్పిన ఉదంతాలున్నాయి. 2016 నవంబరులో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవల మెయిల్ వ్యవస్థలో ఒక పరీక్షా సందేశం పొరపాటున సుమారు 8.4 లక్షల మందికి వెళ్లింది. 'దయచేసి అందరికీ జవాబివ్వకండి' అని కోరినవారు కూడా ఆ మాటను అందరికీ పంపడంతో వ్యవస్థ కుంటుపడింది.

కాదనకుండా చెప్పడమెలా?

అధికారితో 'కుదరదు' అని ఊరుకుంటే అశ్రద్ధ అనిపిస్తుంది. 'చూస్తాను సర్' అని తప్పించుకుంటే రేపటి వైఫల్యానికి నేడే పూచీ పడినట్లవుతుంది. కోరికను మూడుగా విడగొట్టి చెప్పడం మేలు: మన చేతిలో ఉన్నది, మనం కోరగలిగినది, మన చేతిలో లేనిది.

చిరునామాలన్నీ 'బీసీసీ'లో పెట్టడం మన చేతిలో ఉన్న పని. అప్పుడు ఎవరైనా 'రిప్లై ఆల్' నొక్కినా జవాబు బీసీసీలోని ఇతరులకు చేరదు. ఒకరి చిరునామా మరొకరికి తెలియకపోవడం అదనపు లాభం. యాంత్రిక జవాబులు రాకుండా పూర్తిగా ఆపలేకపోయినా, వచ్చినవి వేరే ఫోల్డరులో పడేలా మన వైపు ఏర్పాటు చేసుకోవచ్చు. జవాబు కావలసిన తేదీని మొదటి వాక్యంలోనే రాయడం, అవును-కాదు అని తేల్చగల ప్రశ్న వేయడం మనం కోరగలిగినవి. తప్పనిసరి విషయమైతే ఫోను చేయడమే మార్గం.

కనుక ఉద్యోగి ఇలా చెప్పవచ్చు: 'సర్, బయటివారు అందరికీ జవాబివ్వకుండా మనం ఆపలేము. చిరునామాలు కనిపించకుండా పంపితే ఆ ఇబ్బంది రాదు. సోమవారంలోగా జవాబు రాని వారికి ఫోను చేస్తాము. అలా పంపమంటారా?' అధికారి సరేనన్న పిమ్మట ఆ మాటనే రెండు వాక్యాలలో రాసి ఆయనకు మెయిల్ చేయడం ఉభయులకూ క్షేమం.

అవతలివారికీ హక్కులు

ఇదిలా ఉండగా, జవాబివ్వకుండా ఉండే హక్కును కొన్ని దేశాలు చట్టాలలోనే చేర్చాయి. పని వేళల తరువాత ఉద్యోగులను మెయిళ్ల నుంచి దూరంగా ఉంచే విధానంపై 50 మంది, అంతకు మించి సిబ్బంది గల సంస్థలు చర్చలు జరపాలన్న నిబంధన ఫ్రాన్సులో 2017 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో ప్రారంభమైన హక్కు మరింత విస్తృతమైనది. అసమంజసం కానంత వరకు, పని వేళల తరువాత యజమాని నుంచే గాక బయటి సంస్థల నుంచి వచ్చే సందేశాలకు కూడా ఉద్యోగి స్పందించనవసరం లేదు.

మూలకుళం నుంచి రాత్రి వెళ్లిన మెయిల్‌కు తెల్లవారేసరికి విదేశం నుంచి జవాబు రాకపోతే, దానికి కారణం ఇక్కడి గుమాస్తా అసమర్థత కాకపోవచ్చు. ఎంతమంది జవాబిచ్చారన్న లెక్కతో అతని పనిని తూచడం న్యాయం కాదు. సరైనవారికి, సరైన సమయంలో, తేటగా రాశాడా లేదా అన్నదే చూడవలసిన విషయం.